నేలర్‌తో సంతకం పెట్టించారు సరే, మెరైనర్స్ మిగతా డబ్బు ఎవరి మీద పెట్టాలి?

సౌత్‌పా సుబ్బు

2025 అక్టోబరులో మన సియాటెల్ మెరైనర్స్ టొరంటోతో లీగ్ ఫైనల్ ఆఖరి మ్యాచ్, గేమ్ 7, ఓడిన రాత్రి, మళ్లీ ఏప్రిల్ దాకా బేస్‌బాల్ మాటే ఎత్తనని ఇంట్లో ఒట్టేశాను. నెల తిరక్కుండానే మన ఫస్ట్ బేస్‌మన్ జోష్ నేలర్ మళ్లీ మనతోనే సంతకం పెట్టాడన్న వార్త వచ్చింది, ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఐదేళ్లకు 92.5 మిలియన్ డాలర్లు, ఏడాదికి సగటున 18.5. నాకైతే ఎక్కువనిపించలేదు. నన్ను తొలుస్తున్నది దాని తర్వాతి సంగతి.

మిగిలిన డబ్బు బంతి విసిరే పిచర్ల మీద పెట్టాలా, బ్యాటర్ల మీదా? మా వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే పాట: గిల్బర్ట్‌తో లాంగ్ కాంట్రాక్టు చేసుకోండి, కర్బీతో చేసుకోండి, వూతో చేసుకోండి అని. గిల్బర్ట్ 2027 సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెంట్ (ఏ టీమ్‌కైనా వెళ్లొచ్చు), కర్బీ 2028 అయ్యాక, మిల్లర్, వూ ఇద్దరూ 2029 అయ్యాక. వరసగా ఒక్కొక్కరూ గడప దాటిపోతారని వాళ్ల భయం. నాకేమో లెక్క తిరగేసి కనిపిస్తోంది.

2024 గుర్తు చేసుకోండి. గిల్బర్ట్, కర్బీ, మిల్లర్, కాస్టియో దాదాపు సీజనంతా ఆడారు, వూ మాత్రం కొన్నాళ్లు లేడు. అంత రొటేషన్ (వంతులవారీగా గేమ్ మొదలుపెట్టే ఐదుగురు పిచర్లు) పెట్టుకుని 85 గేమ్‌లు గెలిచి ఒక్క గేమ్ తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నాం. 2025లో ఏమైంది? కర్బీ భుజం నొప్పితో సీజన్ మొదట్లో లేడు, ఏప్రిల్‌లో గిల్బర్ట్ మోచేయి, తర్వాత మిల్లర్ మోచేయి, సెప్టెంబరులో వూ ఛాతీ కండరం. ఒకరు లేస్తే ఒకరు పడుకున్నారు. అయినా 90 గెలిచాం, 2001 తర్వాత మొదటిసారి మన డివిజన్‌లో (లీగ్‌లో మన ఐదు టీమ్‌ల గుంపు) మొదటి స్థానం కొట్టాం. తేడా ఎక్కడుంది? కాల్ రాలీ 60 హోమ్ రన్‌లు (బేస్‌బాల్ సిక్సర్లు) కొట్టాడు, క్యాచర్ (వికెట్‌కీపర్‌లాంటివాడు) అన్నవాడు ఎవడూ ఎప్పుడూ కొట్టనన్ని. జులైలో నేలర్, స్వారెజ్ అనే ఇద్దరు బ్యాటర్లు ట్రేడ్‌లో (మన ఆటగాళ్లను బదులిచ్చి) వచ్చారు. అంటే మనల్ని పైకి తీసుకెళ్లింది బ్యాట్లే కదా.

ఇంకోటి, మన గ్రౌండ్. ఏప్రిల్, మే రాత్రుల్లో అక్కడ కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. బ్యాట్‌కు తగిలిన చప్పుడు విని జనమంతా లేచి నిలబడతారు, బంతి మాత్రం ఆ చల్లగాలిలో ఊపిరాడనట్టు ఆగి గోడ ముందున్న వార్నింగ్ ట్రాక్ మీద ఫీల్డర్ గ్లవ్‌లో పడుతుంది. ఏ ఫ్రీ ఏజెంట్ బ్యాటరైనా తన అంకెలు చూసుకుంటాడు. చేతిలో ఇంకో ఆఫర్ ఉంటే ఇక్కడికి రాడు. పిచర్లకు ఇది స్వర్గం, వాళ్లను ఇక్కడే తయారు చేసుకోవడం మనవాళ్లకు అలవాటైన పని కూడా. అందుకే ఇక్కడ రెండున్నర నెలలు ఆడి, నచ్చి, ఉంటానన్న బ్యాటర్ దొరికితే బేరం ఎక్కువ సాగదీయకూడదంటాను.

ఇప్పుడు ఫ్రీ ఏజెంట్ అయిన మన బ్యాటర్ పొలాంకో విషయంలోనూ నాది అదే మాట. డెట్రాయిట్‌తో డివిజన్ సిరీస్ గేమ్ 5, పదిహేను ఇన్నింగ్స్, దాదాపు ఐదు గంటలు. పన్నెండో ఇన్నింగ్స్ నుంచి మా అమ్మాయి నా భుజం మీదే నిద్ర. పొలాంకో రైట్ సైడ్‌కు కొట్టిన సింగిల్‌కు క్రాఫర్డ్ గెలుపు రన్‌కు హోమ్ ప్లేట్ తొక్కగానే నా పక్కనున్న ముక్కూ మొహం తెలియని పెద్దాయన నన్ను గట్టిగా వాటేసుకున్నాడు, మధ్యలో పిల్ల ఉందని కూడా చూడకుండా. అది లేచి ఏడుపు. సరే, అది వేరే కథ.

నా ప్లాన్ ఇదీ. పొలాంకోకు రెండేళ్లిచ్చి ఉంచుకోవాలి. స్వారెజ్‌కు ఒక దండం పెట్టి పంపేయాలి, ఏడాదిలో 49 కొట్టాడు, నిజమే, కానీ అందులో 36 మన దగ్గరికి రాకముందువి, పైగా వయసు 34. కాస్టియోను ట్రేడ్ చేసి ఆ జీతం మిగుల్చుకోవాలి. పిచర్లెవరికీ లాంగ్ కాంట్రాక్టు ఇవ్వకూడదు. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి, తిట్టినా పర్లేదు.

మెరైన్ లేయర్ మూర్తి

సుబ్బు బ్రో, బ్యాటర్ల సంగతి వరకు నీతోనే ఉన్నా. కాస్టియో దగ్గరికొచ్చేసరికి బండి పట్టాలు తప్పింది.

నలుగురు పిచర్లు మంచం పట్టారని నువ్వే రాశావు. మరి ఐదోవాడు? గాయాల జాబితా మొహం చూడనివాడు కాస్టియో ఒక్కడే. తన వంతు వచ్చినప్పుడల్లా వచ్చి బంతి విసిరి వెళ్లాడు. ఆ 90 విజయాల వెనక ఆయన ఉన్నాడు, మనకు కనపడలేదంతే, రోజూ టైముకి వచ్చే బస్సు గురించి ఎవరూ మాట్లాడుకోరు కదా. డిసెంబరులో 33 నిండుతాయి, కాంట్రాక్టు 2027 దాకా ఉంది, ఐదేళ్లకు 108 మిలియన్‌ల లెక్క. బంతి వేగం తగ్గిందని నాకూ తెలుసు. కానీ ఆయన్ని పంపేసి మిగిల్చిన డబ్బుతో ఎవరిని తెస్తావు? ఆయన చోట ఆడేవాడు ఎవడు? ఏప్రిల్‌లో మళ్లీ ఎవడి మోచేయో పట్టేస్తే, నువ్వే ఇక్కడికొచ్చి టీమ్‌ను నడిపే డిపోటోను తిడుతూ పోస్ట్ పెడతావు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

ఇక పిచర్లెవరికీ లాంగ్ కాంట్రాక్టు వద్దు అన్న మాట. వూను చూడు. ఈ ఏడాది మొదటి 25 స్టార్ట్‌లలో ప్రతిదాంట్లో కనీసం ఆరు ఇన్నింగ్స్ వేశాడు. ఈ రోజుల్లో ఎవరు వేస్తున్నారు అలా? ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన రన్‌లు) 2.94. ఇలాంటివాడికి ధర పెరిగేది రేపు, తగ్గదు. మార్చిలో రాలీకి ఆరేళ్లకు 105 మిలియన్‌లిచ్చినప్పుడు క్యాచర్‌కి ఇంతా అని నసిగినవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు, పేర్లు చెప్పను. సీజన్ అయ్యేదాకా ఆగి ఉంటే? 60 హోమ్ రన్‌లు కొట్టిన క్యాచర్‌తో ఆ అంకెకు బేరం కుదిరేదా? కాబట్టి పిచరా బ్యాటరా అని కాదు, ఎప్పుడు కొంటున్నాం అనేది చూడు.

కొత్తగా చూస్తున్నా

నమస్తే అండి. నేను ఈ ఏడాది ప్లేఆఫ్స్ నుంచే చూడటం మొదలుపెట్టాను, మా ఆయనకి పిచ్చి, నాకు అంటించారు. మీరు రాసింది సగం అర్థమైంది, సగం కాలేదు. ఐపీఎల్‌లో అయితే అన్ని టీమ్‌లకూ ఒకే పర్స్, 2024 మెగా వేలంలో 120 కోట్లు, అందులోనే సర్దుకోవాలి. ఇక్కడ అలాంటి హద్దేమీ లేదా? లేకపోతే అందర్నీ ఉంచుకోవచ్చు కదా, ఇన్ని లెక్కలెందుకు? ఇంకో డౌట్, గిల్బర్ట్ 2027 దాకా ఎలాగూ మనవాడే అంటున్నారు, మరి ఆయనకి జీతం ఎవరు నిర్ణయిస్తారు?

బుల్‌పెన్ బాబాయ్

అమ్మా, మంచి ప్రశ్న వేశావు, వీళ్లిద్దరూ ఆ ముక్క వదిలేసి కొట్టుకుంటున్నారు.

ఇక్కడ పర్స్ లేదు. పన్ను గీత అని ఒకటి ఉంది, 2025లో అది 241 మిలియన్‌లు. అది దాటితే దాటినంత మేరకు పన్ను కట్టాలి, వరసగా దాటితే రేటు పెరుగుతుంది. డాడ్జర్స్‌లాంటివాళ్లు ఆ పన్ను కట్టి మరీ ఆడతారు. మనవాళ్లు ఆ గీత దగ్గరికి కూడా వెళ్లరు. గీత కన్నా చాలా ముందే ఓనర్లు గీసుకున్న ఇంకో గీత ఉంటుంది, అది మనకెవరికీ చెప్పరు.

జీతం సంగతి. కుర్రాడు మేజర్స్ (అన్నిటికన్నా పై లీగ్)లోకి వచ్చాక మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే, 2025లో 7,60,000 డాలర్లు. మూడేళ్లు నిండాక ఆరేళ్ల దాకా ఆర్బిట్రేషన్. టీమ్ ఒక అంకె చెబుతుంది, ఆటగాడు ఒక అంకె చెబుతాడు, కుదిరితే సరే, లేకపోతే మధ్యవర్తుల ముందు కూర్చుంటారు, వాళ్లు ఆ రెండు అంకెల్లో ఏదో ఒకటే ఎంచాలి, మధ్యేమార్గం ఉండదు. ఏటా అలా పెరుగుతూ పోతుంది. ఆరేళ్లు నిండితే స్వేచ్ఛ. గిల్బర్ట్, కర్బీ ఇప్పుడు ఆ మధ్య మెట్ల మీద ఉన్నారు. అందుకే ఎవరినీ కొత్తగా తేకపోయినా పేరోల్ దానంతటదే పెరుగుతుంది తల్లీ, ఇంట్లో పిల్లలు పెరిగినట్టు.

ఇక సుబ్బూ, మూర్తీ, మీ ఇద్దరికీ. నేను ఈ ఊరు 1996లో వచ్చాను. మన పాత స్టేడియం కింగ్‌డోమ్ కాంక్రీటు కప్పు కింద గ్రిఫీ, ర్యాండీ జాన్సన్, అలెక్స్ రొడ్రిగెజ్ ముగ్గురినీ ఒకే టీమ్‌లో చూసినవాణ్ని. ముగ్గురూ వెళ్లిపోయారు. 1998 జులైలో జాన్సన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. 2000 ఫిబ్రవరిలో గ్రిఫీ సిన్సినాటికి వెళ్లాడు. అదే ఏడాది డిసెంబరులో అలెక్స్ పదేళ్లకు 252 మిలియన్‌లకు టెక్సస్ వెళ్లాడు. నేను ఇక టీవీ అమ్మేద్దాం అనుకున్నా. ఆ మరుసటి ఏడాదే 116 గెలిచారు!

ఎలా గెలిచారో చూడండి. జాన్సన్‌కు బదులుగా వచ్చినవాళ్లలో ఫ్రెడీ గార్సియా, కార్లోస్ గియెన్ ఉన్నారు. గ్రిఫీకి బదులు మైక్ క్యామెరన్ వచ్చాడు. ముగ్గురూ ఆ 116 టీమ్‌లో ముఖ్యులు. అలెక్స్ వెళ్లినందుకు అలా ఎవరూ రాలేదు, ఎందుకంటే ఆయన్ని చివరిదాకా ఉంచుకుని ఫ్రీ ఏజెంట్‌గా వదిలేశారు. అప్పుడే ఇచిరో వచ్చాడు కాబట్టి బతికిపోయాం, అలాంటి అదృష్టం ప్రతిసారీ ఓడ దిగి రాదు. కాబట్టి నేనడిగేది మీకు నచ్చదు. ట్రేడ్ చేయాల్సింది కాస్టియోను కాదు, గిల్బర్ట్‌ను. ఇంకా రెండేళ్లు ఉంది కాబట్టి ఇప్పుడైతే ఎవరైనా ఒక నికార్సయిన కుర్ర బ్యాటర్‌ని ఇస్తారు. 2027 జులైలో అయితే రెండు నెలల అద్దెకు ఇచ్చే ధర ఇస్తారు.

సుబ్బూ, బ్యాటర్లయితే భద్రం అన్నట్టు రాశావే, మనం తెచ్చుకున్న బ్యాటర్ కనో గుర్తులేడా? పదేళ్లు, 240 మిలియన్‌లు. ఆ సంతకం రోజు నేను ఆఫీసులో స్వీట్లు పంచాను. ఐదేళ్లు ఆడాడు, ఆ ఐదేళ్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ లేవు, మధ్యలో 80 గేమ్‌ల సస్పెన్షన్ ఒకటి. చివరికి ఆయన్ని వదిలించుకోవడానికి మంచి క్లోజర్ (చివర్లో వచ్చి గేమ్ ముగించే పిచర్) ఎడ్విన్ డియాజ్‌ను కూడా మూటలో కలిపి మెట్స్‌కు ఇచ్చుకున్నారు. నేలర్ మంచివాడే, కానీ ఆ ఒళ్లు, ఆ పొజిషన్, 33 ఏళ్ల వయసులో ఎలా ఉంటాడో నువ్వు హామీ ఇస్తావా?

(ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గేమ్ 7 ఏడో ఇన్నింగ్స్, 3-1 ముందున్నాం, ఇద్దరు రన్నర్లు, టొరంటో బ్యాటర్ స్ప్రింగర్ వస్తున్నాడు, మన క్లోజర్ మున్యోస్ బుల్‌పెన్‌లో (పిచర్లు పిలుపు కోసం ఆగే చోట) కూర్చునే ఉన్నాడు. ఇక చాలు.)

సౌత్‌పా సుబ్బు

బాబాయ్, ఆ బ్రాకెట్లో రాసింది చదివి మళ్లీ కడుపులో తిప్పింది. మా ఆవిడ అప్పటికే రిమోట్ లాగేసుకుంది, చివర్లో మన బ్యాటర్ హూలియో స్ట్రైక్ అవుట్ అవడం నేను ఫోన్లో చూశాను.

మూర్తీ, కాస్టియో దగ్గర నువ్వన్నది నిజమే, వెనక్కి తీసుకుంటున్నా. ఆయన లేకపోతే మే నెలలోనే కథ ముగిసేది. వూ దగ్గర మాత్రం తగ్గను. రాలీతో పోలిక సరే గానీ, రాబీ రే గుర్తున్నాడా? మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు చేతిలో పట్టుకుని వచ్చాడు, ఐదేళ్లకు 115 మిలియన్‌లిచ్చాం. రెండో ఏడాది ఒక్క గేమ్ ఆడి మోచేతి లిగమెంట్‌కు చేసే టామీ జాన్ సర్జరీకి వెళ్లాడు, మరుసటి జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోకు సాగనంపాం. క్యాచర్ మోకాలు నొప్పెడితే డీహెచ్‌గా (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే) బ్యాట్ పట్టొచ్చు. పిచర్ మోచేయి పోతే డగౌట్‌లో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమలడం తప్ప ఏం చేస్తాడు? అందుకే నాకు భయం. వూ ఎలాగూ 2029 దాకా మనవాడే, ఆ తర్వాతి సంవత్సరాల రిస్క్ ఇప్పుడే నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?

బాబాయ్, గిల్బర్ట్ మాట అనగానే గుండె గుభేల్‌మంది. కానీ అబద్ధమెందుకు, జాన్సన్, గార్సియా లెక్క చదివాక కాసేపు ఆలోచించాను. ఎవరికిస్తాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ డివిజన్‌లోవాళ్లకైతే చచ్చినా వద్దు.

నేలర్ ఒళ్లు గురించి ఒక్క మాట. ఆయన పరిగెడుతుంటే ఎద్దులబండి గుర్తొస్తుంది, లీగ్‌లో అంత నెమ్మది మనుషులు చాలా తక్కువ. అదే మనిషి ఈ ఏడాది 30 బేస్‌లు దొంగిలించాడు, అందులో 19 మన దగ్గరికొచ్చాకే. పిచర్ కాలు ఎప్పుడు లేపుతాడో, తల ఎటు తిప్పుతాడో చూసి బయల్దేరతాడు. కాళ్లతో కాదు, కళ్లతో పరిగెడతాడు. కళ్లకు 33 ఏళ్లకేమీ కాదులే.

ట్రైడెంట్ ఫ్యాన్

మీరంతా 2028, 2029 అని మాట్లాడుతుంటే నవ్వొస్తోంది, ఏమనుకోకండి. లీగ్‌కూ ఆటగాళ్ల యూనియన్‌కూ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. ఓనర్లు జీతాలకు హద్దు కావాలంటారు, యూనియన్ ఛస్తే ఒప్పుకోదు. 2021 డిసెంబరులో ఇలాగే ఓనర్లు లీగ్‌కు తాళం వేసి 99 రోజులు కూర్చున్నారు. 2027లో ఏ రూల్స్ ఉంటాయో తెలియకుండా ఎవరైనా పిచర్‌కు ఆరేళ్లు రాసిస్తారా?

రెండోది టీవీ డబ్బు. మన గేమ్‌లు చూపించే ఛానెల్ రూట్ స్పోర్ట్స్ ఈ 2025 సీజన్‌తో మూత, 2026 నుంచి మన గేమ్‌ల ప్రసారం లీగే చూసుకుంటుంది. కేబుల్ డబ్బు ఏటా ఠంచనుగా వచ్చే రోజులు పోయాయి. ఓనర్లకు ఇది మంచి సాకు కూడా, అది వేరే విషయం. అసలు 2023 నవంబరులో స్వారెజ్‌ను అరిజోనాకు పంపింది జీతం తగ్గించుకోవడానికే అని ఊరంతా కోడై కూసింది. ఆయన్నే మళ్లీ 2025 జులైలో ముగ్గురు కుర్రాళ్లనిచ్చి తెచ్చుకున్నాం. పాత సామాన్లకు అమ్మేసిన బీరువాను మళ్లీ రెట్టింపు పెట్టి కొన్నట్టుంది. అయినా టొరంటో మీద గేమ్ 5లో ఆ గ్రాండ్ స్లామ్ (నాలుగు రన్‌ల హోమ్ రన్) కొట్టాడు కాబట్టి ఆ ముగ్గురి గురించి నేను నోరెత్తను.

పైగా నేలర్‌కీ స్వారెజ్‌కీ క్వాలిఫైయింగ్ ఆఫర్ (ఏడాది ఆఫర్, కాదని వేరే టీమ్‌కు వెళ్తే మనకు డ్రాఫ్ట్ పిక్, అంటే కొత్త కుర్రాణ్ని ఎంచుకునే వంతు వస్తుంది) ఇవ్వడానికి కూడా లేదు, సీజన్ మధ్యలో టీమ్ మారినవాళ్లకు రూల్ ఒప్పుకోదు. పొలాంకోకు ఇవ్వొచ్చు గానీ ఇవ్వలేదు. కాబట్టి ఎవరు వెళ్లిపోయినా మనకు డ్రాఫ్ట్ పిక్ రాదు, వట్టి చేతులే. నేలర్ సంతకం త్వరగా అయిపోవడం నాకు అందుకే నచ్చింది.

నా ఓటు కోల్ట్ ఎమర్సన్‌కి. ఇరవయ్యేళ్ల కుర్రాడు, సీజన్ చివర్లో ట్రిపుల్ ఏ (మేజర్స్‌కు ఒక్క మెట్టు కింద) దాకా వచ్చేశాడు. 2026 తర్వాత క్రాఫర్డ్ ఐదేళ్ల కాంట్రాక్టు అయిపోతుంది, అరోసరేనా కూడా ఫ్రీ ఏజెంట్. వాళ్లిద్దరి జీతం ఖాళీ అవుతుంది. ఎమర్సన్ కుదురుకుంటే ఆ డబ్బుతో వూనో, ఇంకెవరినో చూసుకోవచ్చు. 2026కి మాత్రం పొలాంకో లాంటి చిన్న కాంట్రాక్టులు ఒకటి రెండు, అంతకు మించి కదలకూడదు.

మెరైన్ లేయర్ మూర్తి

ట్రైడెంట్ బ్రో, ఒప్పందం ముగుస్తుందనే కదా ఇప్పుడే రాయించుకోవాలనేది. రేపు రూల్స్ మారి కుర్రాళ్లకు ఫ్రీ ఏజెన్సీ ముందుగా వస్తే వూ 2029 దాకా ఉంటాడన్న లెక్కే గల్లంతు. నువ్వు చెప్పిన కారణమే నాకు పనికొస్తోంది, థాంక్స్.

సుబ్బు బ్రో, రాబీ రేని బయటి మార్కెట్‌లో కొన్నాం, వేరేవాళ్లతో పోటీపడి, వేలంపాట ధరకు. వూ ఇంట్లో పెరిగినవాడు. ఆయన మోచేయి ఎక్స్‌రేలన్నీ మన డాక్టర్ల దగ్గరే ఉన్నాయి. రెండూ ఒకటి కాదు. గిల్బర్ట్ ట్రేడ్ గురించి మాత్రం నేనేమీ అనను, బాబాయ్ మీద గౌరవంతో.

కొత్తగా చూస్తున్నా

బాబాయ్ గారూ, ఇప్పుడు బాగా అర్థమైంది, థాంక్యూ అండి. ఒక్క చిన్న సందేహం. మా ఆయన పుట్టినరోజుకి జెర్సీ కొందామనుకుంటున్నా. మీరందరూ చెప్పింది చదివాక ఎవరి పేరు వేయించాలన్నా భయమేస్తోంది. గిల్బర్ట్ 36 అనుకున్నా, మీరేమో అమ్మేద్దాం అంటున్నారు.

బుల్‌పెన్ బాబాయ్

రాలీ 29 తీసుకో తల్లీ, 2030 దాకా కాంట్రాక్టు ఉంది. హూలియో 44 కూడా పర్లేదు, 2022లో రాసుకున్నది, 12 ఏళ్లకు కనీసం 209.3 మిలియన్‌లు, ఆ ఒప్పందంలో ఆప్షన్లు చదివితే తల తిరుగుతుంది గానీ ఇప్పట్లో ఎక్కడికీ పోడు. నా దగ్గర కనో 22 ఉంది, కొత్తదిలాగే ఉంది, కావాలంటే ఊరికే ఇస్తా.

సౌత్‌పా సుబ్బు

బాబాయ్, 22 ఇప్పుడు వూ నంబర్. పేరు మార్పించుకుని మూర్తికి ఇచ్చేయండి.

మా అమ్మాయికి పొలాంకో 7 కావాలట. సంతకం పడేదాకా ఆగు అన్నాను. రోజూ స్కూల్ నుంచి రాగానే పడిందా అని అడుగుతోంది.